బొమ్మల నరసింహుడు - మా పేటల మాటలు



సినిమా చూచివచ్చినవాడు ఊరకుండలేడు. బాగున్నదనియో బాగులేదనియో నలుగురితో చెప్పినగాని వానికి టిక్కెట్టు సొమ్ము గిట్టుబాటైనట్లు తోచదు. 2025వ సంవత్సరము జూలై 25వ తేదీన, శ్రావణమాసము ప్రవేశించిన శుక్రవారమునాడు, ‘మహావతార్ నరసింహ’ అను బొమ్మల చిత్రము విడుదలయైనది. దానిని గురించి మా పేటలలో, అనగా చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరములలో, నా చెవిని బడిన మాటలను మీకు వినిపించుటకే నేడు వచ్చితిని. ఒకే చిత్రమును ఒకే హాలులో, ఒక్కొక్కప్పుడు ఒకే వరుసలో గూర్చుండి చూచినవారు, బయటికి వచ్చి ఇన్ని విధములుగ మాటలాడుట ఎట్లు? వారి మాటలలో చిత్రమును గురించినది ఎంత, తమ ఇంటిని గురించినది ఎంత? ఇది మొదట నాకు వినోదముగనే యుండెను.

చూడనివారికొరకు ముందుగ రెండు మాటలు చెప్పవలెను. ఈ చిత్రమును తీసినది క్లీం ప్రొడక్షన్సు అను సంస్థ. దర్శకుడు అశ్విన్ కుమార్. ఆయనకిది తొలి చిత్రము. హోంబలే వారు సమర్పింపగా తెలుగున గీతా ఆర్ట్సు వారు విడుదల చేసిరి. రెండుగంటలకు మించిన ఈ చిత్రమున మనుష్యుడన్నవాడు ఒక్కడైన కానరాడు. సమస్తమును కంప్యూటరుపై రూపొందించిన బొమ్మలే. దితి సంధ్యాసమయమున కశ్యపుని కోరుట, వరాహమూర్తి హిరణ్యాక్షుని వధించుట, హిరణ్యకశిపుని తపస్సు, ప్రహ్లాదుని చదువు, బాధలు, స్తంభము, నరసింహుడు: ఇదియే కథ. తెలియనివాడు హాలులో ఒక్కడును ఉండియుండడు. విడుదలకు ముందుదినమున ‘హరిహర వీరమల్లు’ వచ్చెను. ఆరుదినములకు ‘కింగ్‌డమ్’ వచ్చెను. పేరుమోసిన నటుల చిత్రముల నడుమ నటుడే లేని చిత్రమొకటి నిలుచునని మావారెవ్వరును తలపలేదు.

మావారనగా సామాన్యులు కారు. చిక్కడపల్లినుండి నాలుగడుగులు వేసినచో ఆర్.టి.సి. క్రాస్ రోడ్డు. దేవి, సుదర్శన్, సంధ్య, సప్తగిరి అను పేర్లు మా పిల్లలకు అక్షరములకంటె ముందుగ వచ్చును. మొదటి ఆట విడుచువేళకు ఆ కూడలిలో నిలిచి, వెలుపలికి వచ్చువారి మొగములు చూచి చిత్రము ఎన్ని వారములాడునో చెప్పగల జ్యోతిష్కులు అచ్చట కలరు. వారు ఈ చిత్రమును ఒక వారమునకు మించి లెక్కింపలేదు. మొదటిదినమున వచ్చిన సొమ్ము స్వల్పమే. పిదప చూచినవాడు చూడనివానికి చెప్పగా దినదినమును పెరుగుచు పోయినది. పాదరక్షలు బయట విడిచి లోనికి పోయినవారి వార్తలు కూడ వచ్చినవి. అప్పుడు మా జ్యోతిష్కులు, తాము ముందే చెప్పితిమనిరి.

ఇక అభిప్రాయములు. అందరికంటె ముందుగ పెదవి విరిచినవారు పనితనము తెలిసిన యువకులు. హైదరాబాదునకు ఈ విద్య క్రొత్తది కాదు. 2008లో దూరదర్శనపు తెరలమీదికి వచ్చి దేశమందలి పిల్లల నెల్ల వశపరచుకొన్న ‘ఛోటా భీమ్’ ఇచ్చటి గ్రీన్ గోల్డ్ సంస్థలో రాజీవ్ చిలక సృష్టించిన బొమ్మయే. తెలుగున ‘కిట్టు’ అను బొమ్మల చిత్రము 2006లోనే వచ్చినది. మన సింగీతము శ్రీనివాసరావుగారు 2008లో ఘటోత్కచుని బొమ్మగ నడిపించిరి. ఛోటా భీమును చూచుచు అన్నము తిన్న పిల్లలు నేడు అట్టి పనులు చేయు సంస్థలలోనే ఉద్యోగులు. అట్టివాడొకడు మా వీధిలో కలడు. రాత్రియెల్ల మేలుకొని బొమ్మల వెండ్రుకలు కదపుట వాని ఉద్యోగము. వాడు చిత్రమును చూచి వచ్చి, “మనుషులు నడుస్తుంటే పాదం నేలకి ఆనడం లేదండీ. బరువు లేదు” అనెను. ఆటలపెట్టెలలోని బొమ్మలవలె ఉన్నవని వాని మిత్రుడు వంతపాడెను.

వాని మాట అబద్ధము కాదు. ప్రహ్లాదుని మొగము, తల్లి మొగము మాటలాడునప్పుడు పెదవి కదలునుగాని చెంప కదలదు. కన్ను తడియగునుగాని చూపు తడియదు. కాని చిత్రమేమనగా, ఆ యువకుడే వరాహమూర్తి సముద్రమునుండి పైకి లేచునప్పుడు కుర్చీలో నిటారుగ కూర్చుంటినని ఒప్పుకొనెను. స్తంభము పగిలిన పిమ్మట లోపము లెక్కించుట మరచితిననియు చెప్పెను. ఒకే పనివారి చేతిలో ఇంత భేదమేల? కొంత ధనమును కాలమును ఆ ఘట్టములకే కేటాయించియుందురు. కాని నాకు వేరొక కారణము కూడ తోచుచున్నది. మనుష్యుని మొగమును మనము పుట్టినది మొదలు చదువుచున్నాము. పాలిచ్చు తల్లి కనుబొమ ఏ మాత్రము ముడివడినను శిశువు ఎరుగును. కావున బొమ్మ మొగములో నూలుపోగంత తప్పున్నను మన కన్ను పట్టుకొనును. ఏమి తప్పో చెప్పలేకపోవచ్చును, తప్పున్నదని మాత్రము తెలియును. నరసింహుని మొగము అట్టిది కాదు. సింహమును బోనులో చూచితిమి, మనుష్యుని వీధిలో చూచితిమి. రెండును కలిసినదానిని చూచిన సాక్షి లేడు. చిత్రకారుడు వ్రాసినదే అచ్చట ప్రమాణము. కనుకనే బొమ్మల చిత్రమునకు దేవతలును మృగములును సులభులు, తల్లిదండ్రులు కష్టసాధ్యులు.

ఈ తల్లిదండ్రులయొద్దనే పెద్దవారి ఆక్షేపణ. చిక్కడపల్లి గ్రంథాలయమున పత్రికలు చదువుటకు వచ్చు వృద్ధులు ఎందరో కలరు. వారిలో కొందరిని మనుమలు వెంటబెట్టుకొని పోయిరి. వారికి ప్రహ్లాదుడనగా 1967వ సంవత్సరపు ఏ.వి.ఎం. వారి ‘భక్త ప్రహ్లాద’, హిరణ్యకశిపుడనగా ఎస్.వి. రంగారావు, లీలావతి యనగా అంజలీదేవి, నారదుడనగా బాలమురళీకృష్ణ, బాలుడు మన రోజారమణి. వారు కన్నులు తెరచి క్రొత్త చిత్రమును, మూసి ప్రాతచిత్రమును, రెంటిని ఏకకాలమున చూచిరి. “లీలావతి యేదయ్యా?” అని ఒక పెద్దాయన నన్ను నిలదీసెను. క్రొత్త చిత్రమున ఆ తల్లి పేరు కయాధువు. అది సంస్కృత భాగవతమున ఉన్న పేరే, తప్పు కాదని నేను మనవి చేసితిని. “ఉంటే ఉండవచ్చు. మా లీలావతి ఏడిస్తే హాలంతా ఏడ్చేది. ఈవిడ ఏడిస్తే నేను గడియారం చూసుకొన్నాను” అని ఆయన తీర్పు చెప్పెను. పద్యము లేదని ఇంకొకరి దుఃఖము. తెలుగు ప్రహ్లాదుని కథలో పద్యము లేకుండుట వారికి ఉప్పులేని పప్పువంటిది.

వారి పక్షమున ఒక మాట చెప్పవలెను. తెలుగు సినిమాకు నోరు వచ్చినదే ఈ కథతో. 1932 ఫిబ్రవరి 6వ తేదీన విడుదలయైన మన తొలి టాకీ హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’. అందు మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయిగారు లీలావతి. అంతకుముందు నాటకశాలలలో, తోలుబొమ్మల తెరలమీద ఈ కథ ఎన్ని తరములుగ ఆడుచున్నదో! తోలుబొమ్మ యన్న మాట తలచినప్పుడు నాకు నవ్వు వచ్చినది. బొమ్మలు పురాణమునకు తగవని నేడు ఆక్షేపించువారి తాతలు, తెల్లవార్లు నూనెదీపపు వెలుగున బొమ్మలనే చూచి నమస్కరించిరి గదా!

స్త్రీల మాట వేరు. నారాయణగూడలో బిడ్డలను బడికి పంపు తల్లులు నలుగురైదుగురు ఒక శనివారము కలిసి పోయిరి. తిరిగివచ్చునప్పటికి రెండు పక్షములైరి. తుది అరగంటలోని యుద్ధము, రక్తము, ప్రేగులు పిల్లలు చూడదగినవి కావని ఒక పక్షము. పురాణమున ఉన్నదే చూపిరి, పిల్లవాడు చేతి ఫోనులో ఇంతకంటె ఘోరమైన ఆటలు ఆడుచున్నాడు, ఇది దైవకార్యమైనను అగునని రెండవ పక్షము. ఆ పిల్లలలో ఒకడు ఆ రాత్రి దీపమార్పనీయలేదట. మరియొకడు మరునాడే తన్ను మరల తీసికొనిపొమ్మని నేలపై దొర్లెనట. ఏ తల్లి పిల్లవాడు ఏ పని చేసెనో చెప్పినచో మీరు నమ్మరు: వలదన్న తల్లి కొడుకే దొర్లినవాడు.

యుద్ధము దీర్ఘమైనదని నేనును అందును. భాగవతమునను యుద్ధము లేకపోలేదు. గదతో పైబడిన రక్కసుని స్వామి గరుడుడు పామును పట్టినట్లు పట్టును. వాడు జారిపోయి ఖడ్గము ధరించి మరల వచ్చును. అప్పుడు గడపమీద, తొడలపై బెట్టుకొని, గోళ్లతో చీల్చును. ఆ జారిపోవుట కూడ పిల్లి ఎలుకను విడిచి పట్టుటవంటిదే. క్రొత్త చిత్రము దానిని విశాలమొనర్చి, పర్వతములు పగులునంత కొట్లాట చేసినది. దీనికి కారణము సూపర్ హీరో చిత్రముల సంప్రదాయమని నా ఊహ. అందు వీరునికి సమానుడైన శత్రువు కావలెను. వీరుడు ఒకటి రెండుమారులు క్రిందబడవలెను. పురాణమున దేవునికి అట్టి అవసరము లేదు. ఒక అర్చకుడు, “స్వామికి అంతసేపు పట్టడమేమిటి?” అని నొచ్చుకొనెను. ఆటో నడుపు యువకుడొకడు మాత్రము, “అంతసేపు కొడితేనే కడుపు నిండింది సార్” అనెను. ఇద్దరును భక్తులే.

పిల్లల తీర్పు మాటలలో రాలేదు, ఆటలో వచ్చెను. మా సందులో ముగ్గురు బాలురు ఈ కథ ఆడుట చూచితిని. పెద్దవాడు నరసింహుడు. నడిమివాడు హిరణ్యకశిపుడు. అందరికంటె చిన్నవాడు ప్రహ్లాదుడు కాబోలునని తలచితిని. కాదు, వానిని స్తంభముగ నిలువబెట్టిరి! నడిమివాడు వాని కడుపుపై ఒక దెబ్బ వేయుటయు, వెనుకనుండి పెద్దవాడు గర్జించుచు దూకుటయు. ప్రహ్లాదుడు ఎవడురా అని అడిగితిని. ఎవ్వడును కాదట. వాడు ఏమియు చేయడు గనుక వానితో పనిలేదట. వారి మాటలో సత్యము లేకపోలేదు. ప్రహ్లాదుడు ఎవ్వరిని కొట్టడు, పరుగెత్తడు, దాగడు, ఒక చిన్న అబద్ధమైనను చెప్పడు. అడిగినదానికి తెలిసిన సమాధానము మాత్రము చెప్పును. తెరపై బలము లేనివాడు వాడొక్కడే.

ఇచ్చట నేను సముద్రము దాటవలసియున్నది. నారాయణగూడలో సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయు ఒక అమ్మాయి ఈ వివాదములన్నియు విని, “బాబాయిగారూ, కుటుంబమూ సూపర్ హీరోలూ కలిసిన బొమ్మల సినిమా అంటే మీరు ఇన్‌క్రెడిబుల్స్ చూడాలి” అని తన ఇంటనే తెరపై వేసి చూపినది. అది అమెరికాలో పిక్సార్ సంస్థవారు 2004లో తీసినది. దర్శకుడు బ్రాడ్ బర్డ్. రెండు ఆస్కారు బహుమానములు పొందినది. హిందీలో ‘హమ్ హై లాజవాబ్’ అను పేరుతో వచ్చినప్పుడు తండ్రి పాత్రకు షారుఖ్ ఖాన్, కొడుకు పాత్రకు ఆయన కుమారుడు ఆర్యన్ గొంతునిచ్చిరి. కథ ఇట్లున్నది. అతిమానుష శక్తులుగల దంపతులు, వారి ముగ్గురు పిల్లలు. శక్తులు చూపగూడదని ప్రభుత్వము కట్టడి చేయగా, కొండలనెత్తగల తండ్రి ఇన్సూరెన్సు కచేరిలో ఇరుకు కుర్చీలో కూర్చుండి కాగితములు త్రిప్పుచుండును. తల్లి తన దేహమును రబ్బరువలె సాచగలది. విమానము పేలినప్పుడు ఆమె గొడుగువలె విచ్చుకొని బిడ్డలను క్రిందికి దింపును, నీటిపై పడవయై వారిని మోయును, కొడుకు కాళ్లు ఆ పడవకు యంత్రముగ పనిచేయును. నేను నవ్వితిని, పిమ్మట కొంచెము కన్నీరు కూడ వచ్చినది.

ఆ చిత్రముపై కూడ అభిప్రాయములు ఒకటిగ రాలేదు. చక్కని సంసారచిత్రమని కొందరు. పుట్టుకతో శక్తి గలవారే గొప్పవారు, తక్కినవారు వారికి దారివిడువవలెనన్న అహంకారము అందున్నదని కొందరు విమర్శకులు. ఈ రెండవ మాటను నేను పూర్తిగ త్రోసివేయలేను. ఆ కథలోని దుష్టుడు శక్తిలేక పుట్టి, బుద్ధిబలముచే యంత్రములు చేసికొన్నవాడు; వానికి కలిగిన అవమానమే వానిని దుష్టుని చేసినది. కాని నాకు ముఖ్యముగ కనబడినది వేరు. అచ్చట ఆపద ఇంటి వెలుపలనుండి వచ్చును, ఇంటివారందరును ఒక పక్షమున నిలుతురు. ప్రహ్లాదుని కథలో ఆపద ఇంటి యజమానియే. విషము పెట్టించువాడు, ఏనుగులచే త్రొక్కించువాడు, కొండపైనుండి త్రోయించువాడు కన్నతండ్రి. ఇట్టిదానిని ‘కుటుంబసమేతముగ చూడదగిన చిత్రము’ అని ప్రకటించుటయు, మనమందరము బిడ్డలను వెంటబెట్టుకొని పోవుటయు విడ్డూరము కాదా? చిత్రము చూచివచ్చిన ఏడేండ్ల పాప ఒకతె ఇంటికి వచ్చు త్రోవలో, “వాళ్ల నాన్న కొడుతుంటే వాళ్లమ్మ ఏం చేసింది?” అని అడిగినదట. ఆ తల్లికి సమాధానము తోచలేదట. రబ్బరువలె సాగు తల్లిని చూచిన పిమ్మట నాకును తోచలేదు.

ఇక అశోక్‌నగరము. అచ్చటి సంగతి ఈ ఊరివారికి చెప్పనక్కరలేదు, దూరపువారికి చెప్పవలెను. జిల్లాలనుండి వచ్చిన వేలకొలది యువతీయువకులు ప్రభుత్వోద్యోగముల పోటీపరీక్షలకు చదువు చోటు అది. సందుకొక శిక్షణాలయము, మేడకొక హాస్టలు, ఒక్కొక్క గదిలో నలుగురు. ఉదయము గ్రంథాలయము తలుపు తెరవక మునుపే సంచులు వరుసలో నిలిచియుండును. 2022లో ప్రకటించిన గ్రూప్-1 ఉద్యోగముల తొలిపరీక్ష రెండుమారులు జరిగి రెండుమారులును రద్దయినది. 2024లో క్రొత్త ప్రకటన వచ్చి మరల జరిగినది. అన్నిసార్లు చదివినదే చదివి కూర్చున్నవారు వారు. వారిలో కొందరు ఒక ఆదివారము రాత్రి ఆటకు పోయివచ్చి చాయ్ బండియొద్ద నిలిచి వాదించుకొనుచుండగా నేను ప్రక్కననే యుంటిని.

ఒకడు మహబూబ్‌నగరు జిల్లావాడు, సన్ననివాడు, చిత్రమంతటిలో తనకు నచ్చినది యుద్ధము కాదనెను. తండ్రి కొడుకును పిలిచి ‘ఏమి చదివితివి?’ అని అడుగుటయే తన కథయనెను. “మా నాయిన ఫోన్ చేస్తే అడిగేది అదొక్కటే. ఏం చదివినవ్? ఎప్పుడైతది? నేను చదివింది ఆయనకి కావాల్సింది కాదు. ఆయనకి కావాల్సింది నాకు వస్తలేదు.” వానికి చిత్రలేఖనముపై మక్కువయట. తండ్రికి డిప్యూటీ కలెక్టరు కావలెను. చుట్టునున్నవారు నవ్విరి, వాడును నవ్వెను. అప్పుడు ఇంకొకడు, అంతవరకు మాటలాడనివాడు, చాయ్ గ్లాసు క్రింద బెట్టి, “మా నాయిన నా ఫీజుకి ఎకరం అమ్మిండు. హిరణ్యకశిపుడు ఏమమ్మిండు?” అనెను. ఎవ్వడును బదులు చెప్పలేదు. చాయ్ డబ్బులు ఎవరియ్యవలెనో కూడ ఆ రాత్రి వాదింపలేదు.

అచ్చటినుండి ఇంటికి వచ్చువరకు, వచ్చిన పిమ్మటను, ఆ ఎకరము మాట నన్ను విడువలేదు. వినోదము కాని చోటు ఇదియే. ఆ ఇద్దరు యువకులును బొమ్మలు బాగున్నవా లేవా యని చూడలేదు. రక్తము ఎక్కువా తక్కువా యని చూడలేదు. తండ్రిని చూచిరి. వారికి తగిన తండ్రిని ఆ చిత్రము చూపినదా?

చూపలేదని నా అభిప్రాయము. భాగవతమున ఆ ఘట్టము ఎట్లున్నది? గురుకులమునుండి వచ్చిన కొడుకును హిరణ్యకశిపుడు తొడపై కూర్చుండబెట్టుకొని, నీవు నేర్చినదానిలో నీకు మంచిదని తోచినది చెప్పుమని ముద్దుగ అడుగును. రెండవసారి కొడుకు తల మూర్కొని, ఆనందబాష్పములతో తడిపి మరల అడుగును. అడిగినవాడు లోకకంటకుడు, కాని ఆ క్షణమున ఏ గ్రామములోనైన, ఏ అరుగుమీదనైన కనబడు తండ్రియే. వినగూడని సమాధానము వినబడగా ఆ తొడపైనుండియే బిడ్డను నేలకు త్రోయును. ప్రేమ ఉన్నచోటనే ఆ కోపము పుట్టినది. రంగారావుగారి మొగమున అది కనబడెడిది. హుంకరించు నోటికి పైన, కొడుకును చూచు కన్ను ఒకటి వేరుగ ఉండెడిది. ఆయన్ను ద్వేషించుటకు చూచువారికి కొంత బాధ కలిగెడిది. బొమ్మ హిరణ్యకశిపుడు ఎత్తరి, కండలవాడు, భయంకరుడు. వానిని ద్వేషించుటకు ఏ కష్టమును లేదు. చూచుచున్న కొడుకునకు తన తండ్రి అందు కనబడకపోవుట సుఖమే కావచ్చును. కాని ఆ సన్ననివాడు చాయ్ బండియొద్ద వెదకుకొన్నది ఆ సుఖము కాదు.

ముందు నేను చెప్పిన మొగముల కష్టము, ఈ తండ్రి కష్టము, రెండును ఒక్కటియే యని ఇప్పుడు మీకు తోచియుండును. చెంప కదలని బొమ్మతో కొండలు పగులగొట్టింపవచ్చును. కొడుకును తొడపై బెట్టుకొని మొగము మార్చుకొను తండ్రిని చూపుట దుస్సాధ్యము. అట్టిపని ఇన్‌క్రెడిబుల్స్ వారు ఇరువది ఏండ్ల క్రిందట, ఇన్సూరెన్సు కచేరిలో కూర్చున్న లావుపాటి తండ్రి మొగమున చేసి చూపిరి. కావున బొమ్మలకిది అసాధ్యమనలేము. మనవారు మొదటి అడుగున సింహమును సాధించిరి, అది తక్కువ పని కాదు. పెట్టుబడియు, పనివారును, ఏండ్లును ఎచ్చట వెచ్చింపవలెనో తరువాతి చిత్రములలో నిర్ణయించుకొందురు గాక.

పురాణకథ నరసింహునితో ముగియదని కూడ ఆ యువకులకు చెప్పవలెనని యుండెను, కాని నన్నెవ్వరును అడుగలేదు. స్వామి శాంతించి వరము కోరుకొమ్మనినప్పుడు ప్రహ్లాదుడు తనకొరకు ఏమియు కోరడు. తన తండ్రి పవిత్రుడు కావలెనని కోరును. ఇరువదియొక్క తరములవారు తరించిరని స్వామి చెప్పును. తండ్రికి ఉత్తరక్రియలు జరుపుమనును. కొడుకు జరుపును. తొడపైనుండి త్రోసినవానికి, ఏనుగులచే త్రొక్కించినవానికి, ఆ బాలుడు తర్పణము విడుచును. ఇంత మెత్తని బలమును మా సందులోని ముగ్గురు బాలురు ఎట్లు ఆడగలరు? అందుకే స్తంభమును పెట్టుకొనిరి.

ఈ చిత్రమును తీసినవారు 2037వ సంవత్సరమువరకు, అన్నియు కలిపి ఏడు అవతారచిత్రములు తీయుదుమని 2025లోనే ప్రకటించిరి. రెండవది పరశురాముడు, 2027లో వచ్చునని చెప్పిరి. అందును తండ్రికొడుకులే. అయితే ప్రహ్లాదుడు తండ్రి మాట కాదన్నవాడు, పరశురాముడు తండ్రి మాట విన్నవాడు. జమదగ్ని ఆజ్ఞాపింపగా గొడ్డలి ఎత్తి తల్లి రేణుక శిరస్సును ఖండించినవాడు, పిదప ఆ తల్లినే బ్రతికింపుమని వరము వేడినవాడు. ఆ రేణుకమ్మయే మన తెలంగాణమున ఎల్లమ్మయై ఇంటింట బోనమందుకొనుచున్నది. ఆమె కథను బొమ్మలలో చూచి నారాయణగూడ తల్లులు ఏమందురో, ఆ ఏడేండ్ల పాప ఏమి అడుగునో, చాయ్ బండియొద్ద ఎకరము అమ్మినవాని కొడుకు ఏ పక్షము పట్టునో! అప్పటికి వానికి ఉద్యోగము వచ్చి అశోక్‌నగరము విడిచిపోయియుండవలెనని నా కోరిక.